వెలిగే స్విచ్‌లలో ఏది కొనాలి, ఎట్లా కలపాలి: ట్రాక్టర్, కారు, లారీ, బైక్ అదనపు లైట్లకు వైరింగ్ సలహా

బండికి అదనపు లైట్లు వేయించుకునేటప్పుడు బేరమంతా లైట్ల మీదే నడుస్తుంది. స్విచ్ మాత్రం మేస్త్రి డబ్బాలో ఏది చేతికొస్తే అది. నెల తిరక్కముందే చిక్కులు మొదలవుతాయి. తాళం తీసేసినా స్విచ్‌లో ఎర్రచుక్క వెలుగుతూనే ఉంటుంది. లేదంటే నొక్కగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. అదీ కాకపోతే స్విచ్ వెలుగుతుంది గానీ బంపర్ మీద లైటు వెలగదు.

వెలిగే స్విచ్ అంటే ఒకే డబ్బాలో రెండు సామాన్లు. లైటుకు కరెంటు వదిలి ఆపేది ఒకటి, తన సొంత దీపం ఇంకొకటి. ఆ దీపానికి దాని ప్లస్ దానికి, దాని ఎర్త్ దానికి కావాలి. ఇక్కడ ‘దీపం’ అన్నచోటల్లా స్విచ్‌లోనిది, ‘లైటు’ అంటే బయట వెలిగేది అనుకోండి. ఏ స్విచ్ కొనాలన్నది నిజానికి ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఆ దీపం ఎప్పుడు వెలగాలి? లైటు వేసినప్పుడు మాత్రమేనా, చీకట్లో స్విచ్ ఎక్కడుందో తెలిసేలా ఎప్పుడూనా, రెండూ కావాలా? దీనికి జవాబు ముందే అనుకుంటే సగం బజారు తిరగనక్కర్లేదు.

ముందు వోల్టేజీ

ట్రాక్టర్, కారు, జీపు, ట్రాలీ ఆటో, బైక్ 12 వోల్టులు. పెద్ద లారీలు, బస్సులు ఎక్కువగా 24. పన్నెండుకు చేసిన ఎల్‌ఈడీ దీపాన్ని 24 మీద పెడితే లోపలి రెసిస్టర్ వేడెక్కి కొన్నాళ్లకే దీపం మసకబారి ఆరిపోతుంది. లారీకి స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే డబ్బా) రెండూ 24వే అడిగి తీసుకోవాలి.

ఇంకో మోసం ఉంది, ఎవరూ కావాలని చేసింది కాదు. ఇంటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వేసే ఎర్ర స్విచ్, బండికి వేసే ఎర్ర స్విచ్ చూడ్డానికి కవలపిల్లలే. ఇంటిదాంట్లో ఉండేది నియాన్ దీపం. అది వెలగాలంటే అరవై డెబ్భై వోల్టులకు పైనే కావాలి, బండిలో జన్మలో వెలగదు. లైటు మాత్రం పనిచేస్తుంది కాబట్టి ‘దీపం మాడిపోయింది’ అనుకుని ఇంకోటి కొంటారు, అదీ వెలగదు. పైగా దాని మీద రాసి ఉండే ఆంపియర్లు ఏసీ లెక్క. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి కాంటాక్టుల మధ్య స్పార్కు తనంతట తాను ఆరుతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు, కాంటాక్టులు మాడతాయి. స్విచ్ పక్కన ‘12 వోల్ట్ డీసీ’ అని అచ్చు ఉంటేనే తీసుకోండి.

నేరుగానా, రిలేతోనా

లెక్క సులువే. 55 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు రెండంటే 110 వాట్లు. పన్నెండుతో భాగిస్తే 9 ఆంపియర్లు దాటుతుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండయితే 3.3 ఆంపియర్లు. ఎల్‌ఈడీ బార్ల అట్టపెట్టె మీద వేసే వాట్లను నమ్మొద్దు. మల్టీమీటరు పెట్టి చూస్తే చాలావాటిలో అంత ఉండదు. లెక్కకు మీటరు చూపిన ఆంపియర్లే తీసుకోవాలి.

3, 4 ఆంపియర్ల ఎల్‌ఈడీ లైట్లను 20 ఆంపియర్ల డీసీ స్విచ్‌తో నేరుగా నడిపించొచ్చు. తప్పేమీ లేదు. హాలోజన్‌కు మాత్రం రిలే లేకుండా వద్దు. కారణం స్విచ్ ఒక్కటే కాదు. రిలే లేకపోతే 9 ఆంపియర్లూ బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు వచ్చి, మళ్లీ ముందుకు పోవాలి. నాలుగు మీటర్ల దూరానికి 1 ఎంఎం వైరు వాడితే సుమారు 0.65 వోల్టులు దారిలోనే పోతాయి, అదే 2.5 ఎంఎం వైరుకు 0.25 వోల్టులు. వోల్టేజీ 5 శాతం తగ్గితే హాలోజన్ వెలుగు 15 శాతానికి పైగా పడిపోతుంది. ‘కొత్త లైట్లయినా ఎర్రగా వెలుగుతున్నయ్’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

రిలే పిన్నులు అందరికీ తెలిసినవే: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా ప్లస్, 87కి లైటు, 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్. ఐదు పిన్నుల రిలేలో నడుమ ఉండే 87ఏ జోలికి పోవద్దు. దానికి లైటు కలిపితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది. 85, 86 మధ్య ఉండే రిలే కాయిల్ (తీగచుట్ట) తీసుకునేది 0.15 ఆంపియర్ల చుట్టుపక్కలే, కాబట్టి స్విచ్‌కు వెళ్లే వైర్లు 0.5 లేదా 0.75 ఎంఎం చాలు. ఫ్యూజు హాలోజన్ జతకు 15, 40 వాట్ల ఎల్‌ఈడీ జతకు 5 లేదా 7.5. అది బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజును డ్యాష్‌బోర్డు కింద పెడితే, ఇంజన్ పక్కన వైరు ఒరుసుకుని బాడీకి తగిలిన రోజు అది కాపాడదు.

మూడు పిన్నుల స్విచ్

అన్నిచోట్లా దొరికేది, చవకది, ఎక్కువగా తప్పు కలిపేదీ ఇదే. మూడు పిన్నులు: సప్లై (కరెంటు వచ్చేది), లోడ్ (లైటుకు పోయేది), ఎర్త్. లోపల దీపం లోడ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఉంటుంది. అంటే స్విచ్ వేస్తేనే వెలుగుతుంది, చీకట్లో స్విచ్ ఎక్కడుందో చూపించదు. చాలావాటిలో రెండు పిన్నులు తెల్లగా, ఒకటి ఇత్తడి రంగులో ఉంటాయి. ఇత్తడిది సాధారణంగా ఎర్త్. ‘సాధారణంగా’ అన్నామంటే మూడూ ఒకే రంగులో వచ్చేవీ ఉన్నాయని.

కలిపేముందు బల్ల మీదే పిన్నులు తేల్చుకోవడం మంచిది. బ్యాటరీ ప్లస్‌కు ఒక 5 వాట్ల పైలట్ బల్బును సిరీస్‌లో పెట్టి ఆ కొసతో పరీక్షించండి. తప్పు పిన్ను తగిలినా బల్బు వెలుగుతుందే తప్ప ఏదీ కాలదు. మొదట స్విచ్ ఆన్ చేసి, మీటరు బజర్ మీద పెట్టి, ఏ రెండు పిన్నులు మోగుతున్నాయో చూడండి. అవి సప్లై, లోడ్. మిగిలింది ఎర్త్. ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, ఎర్త్ పిన్నును బ్యాటరీ మైనస్‌కు కలిపి, ప్లస్ కొసను మిగతా రెండింటికీ ఒక్కోసారి తాకించండి. దీపం వెలిగించిన పిన్ను లోడ్. వెలిగించనిది సప్లై. రెండు నిమిషాల పని. మీటరు డయోడ్ టెస్ట్‌తో దీపాన్ని వెలిగించాలని చూడొద్దు, లోపల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి అది చాలదు.

తప్పు కలిపితే ఏమవుతుందో ఈ పిన్నులతోనే అర్థమవుతుంది. సప్లై, లోడ్ తారుమారైతే లైటు బాగానే వెలుగుతుంది, ఆరుతుంది. దీపం మాత్రం రేయింబవళ్లు వెలుగుతుంది. బయటి లైటు వైరు, ఎర్త్ వైరు తారుమారైతే స్విచ్ నొక్కగానే ప్లస్ నేరుగా ఎర్త్‌కు తగిలి ఫ్యూజు పోతుంది. నొక్కనంతవరకు ఏమీ కాదు, అందుకే మేస్త్రి లైటులో షార్ట్ ఉందేమోనని బంపర్ విప్పుతాడు. ఎర్త్ వైరు అసలు కలపకపోతే లైటు పనిచేస్తుంది, దీపం వెలగదు.

దీపం రేయింబవళ్లు వెలిగితే నష్టమెంత? 15 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.36 ఆంపియర్ అవర్. ట్రాక్టర్ బ్యాటరీకి నెలైనా పెద్ద తేడా తెలియదు. 4, 5 ఆంపియర్ అవర్ల బైక్ బ్యాటరీని మాత్రం పది రోజుల్లో పిండేస్తుంది.

ఐదు పిన్నుల రాకర్, ఉంగరం దీపం బటన్, కంపెనీ రకం

ఐదు పిన్నుల నిలువు రాకర్‌లో (అటూ ఇటూ వాలే మీట స్విచ్) రెండు దీపాలుంటాయి. కిందిది పార్కింగ్ లైటుతోపాటు వెలిగి స్విచ్ చోటు చూపిస్తుంది, పైది లైటు వేసినప్పుడు వెలుగుతుంది. ఎక్కువగా 2 సప్లై, 3 లోడ్. మిగతా మూడు పిన్నులు దీపాలవి. వాటి నంబర్లు తయారీదారును బట్టి మారతాయి కాబట్టి ప్యాకెట్‌లో వచ్చే బొమ్మే ప్రమాణం. ఆ బొమ్మ కాగితాన్ని ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, మూడేళ్ల తర్వాత అది లక్ష రూపాయల కాగితం. కార్లకు, జీపులకు మా మొగ్గు దీనికే. రాత్రి చెయ్యి తడుముకోకుండా దొరుకుతుంది, లైటు వేసి ఉందో లేదో కూడా చెబుతుంది.

చుట్టూ ఉంగరంలా వెలిగే లోహపు బటన్లు కుర్రకారుకు ఇష్టం. రంధ్రం 16, 19, 22 ఎంఎం సైజుల్లో వస్తాయి. వాటిలో కామన్, ఎన్‌ఓ (నొక్కితే కామన్‌తో కలిసేది), ఎన్‌సీ (నొక్కితే తెగేది), దీపం ప్లస్, దీపం మైనస్ అని ఐదు పిన్నులు. దీపం పూర్తిగా విడిగా ఉండటం వీటి గొప్ప. లైటుతోపాటు వెలగాలంటే ఎన్‌ఓ నుంచి దీపం ప్లస్‌కు చిన్న ముక్క వైరు వేస్తే సరి. ఎప్పుడూ చోటు చూపించాలంటే పార్కింగ్ వైరుకు కలపొచ్చు. కానీ మూడు చోట్ల దెబ్బ తింటారు. కాంటాక్టులు చిన్నవి, ఎక్కువగా 3 నుంచి 5 ఆంపియర్లే, కాబట్టి రిలే తప్పనిసరి. దీపం 3 వోల్టుల రకం, 12 వోల్టుల రకం, 220 రకం అని వేర్వేరుగా అమ్ముతారు. చూసుకోకుండా తెస్తే మొదటిది మాడుతుంది, మూడోది వెలగదు. ఇక మూడో దెబ్బ: నొక్కితే నిలబడే రకం, నొక్కి ఉంచినంతసేపే పనిచేసే హారన్ రకం అని రెండున్నాయి. హారన్ రకం తెచ్చి ‘చెయ్యి తీస్తే లైటు ఆరిపోతోంది’ అని వాపసు తెచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఎన్‌ఓ బదులు ఎన్‌సీకి కలిపితే పనంతా తిరగబడుతుంది.

కారు డ్యాష్‌లో ఖాళీగా వదిలిన గూటిలో ఒదిగే కంపెనీ రకం స్విచ్ అందంగా ఉంటుంది. అది మోసేది తక్కువ కరెంటే. రిలే కాయిల్‌కు తప్ప నేరుగా లైటుకు వాడొద్దు. కొన్ని కార్లలో స్విచ్ ప్లస్‌ను కాకుండా ఎర్త్‌ను కలుపుతుంది. అట్లాంటిచోట మూడు పిన్నుల ఎల్‌ఈడీ స్విచ్‌ను పెడితే దీపానికి ప్లస్, మైనస్ తిరగబడి ఎప్పటికీ వెలగదు. దీపం పిన్నులు విడిగా ఉన్నదే అక్కడ పనికొస్తుంది.

దీపం రంగు గురించి ఒక మాట. నీలం రంగు షాపులో చూడముచ్చటగా ఉంటుంది. రాత్రి జాతీయ రహదారి 44 మీద జడ్చర్ల దాటాక, చుట్టూ చీకటిలో, అదే నీలం ముందు అద్దంలో పడి కళ్లకు గుచ్చుతుంది. ఎరుపు గానీ, పసుపు గానీ, మసక ఆకుపచ్చ గానీ నయం.

దీపానికి కరెంటు ఎక్కడినుంచి

స్విచ్ సప్లైకి మూడు దారులు. బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుంటే తాళం లేకున్నా లైటు వేసుకోవచ్చు. మిర్యాలగూడ మిల్లుల ముందు రాత్రిపూట వడ్ల లోడుతో వరుసలో ఆగే ట్రాక్టర్‌కు, ఇంజన్ ఆపి లోడు దించుకునేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. మరిచిపోయారంటే తెల్లారేసరికి తోసుకుంటూ పోవాలి. ఇగ్నిషన్ నుంచి తీసుకుంటే తాళంతోపాటే ఆగుతుంది. కార్లకు, బైక్‌లకు ఇదే మేలు. పార్కింగ్ వైరు నుంచి తీసుకుంటే పార్కింగ్ వేసినప్పుడే ఫాగ్ లైటు పనిచేస్తుంది. డిసెంబర్, జనవరి మంచులో విజయవాడ రహదారి మీద తిరిగేవాళ్లకు ఈ పద్ధతి బాగుంటుంది, పార్కింగ్ మరిచిపోయే ప్రశ్నే లేదు.

పార్కింగ్ వైరు నుంచి దీపానికో రిలే కాయిల్‌కో తీసుకోండి గానీ లైటు లోడు మాత్రం దాని మీద వేయొద్దు. కొత్త కార్లలో డ్యాష్‌బోర్డు మీటర్ల వెలుగు తగ్గించే డిమ్మర్ వైరును పార్కింగ్ వైరు అనుకుని రిలే కాయిల్‌కు కలిపితే రిలే ఈగలా జుంయ్‌మంటుంది. ఆ వైరులో కరెంటు తెగుతూ, కలుస్తూ వస్తుంది, అదీ సంగతి.

దీపం వెలిగి లైటు వెలగనప్పుడు

ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. దీపానికి 15 మిల్లీ ఆంపియర్లు చాలు, హాలోజన్ లైట్ల జతకు 9 ఆంపియర్లు కావాలి. దీపం వెలిగిందంటే స్విచ్ లోడ్ పిన్ను వరకు వోల్టేజీ వచ్చిందని మాత్రమే అర్థం. ఆపైన దారి బాగుందని కాదు.

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో కేజ్‌వీల్స్ కట్టి కరిగెట్టు దున్నే ట్రాక్టర్‌ను చూడండి. లైటు ఎర్త్ వైరును బానెట్ కింద రంగు మీదే బోల్టు బిగించి ఉంటారు. బురదనీళ్లు చేరి, ఆ థింబుల్ (వైరు కొసకు నొక్కే లోహపు ముక్క) కింద పచ్చటి చిలుము పడుతుంది. లైటు దగ్గర ప్లస్ కొస మీద మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు తీసుకునే కరెంటు లేశమంత, చిలుము దాన్ని ఆపదు. లైట్లు 9 ఆంపియర్లు లాగబోగానే వోల్టేజీ మొత్తం ఆ చిలుము దగ్గరే కూలిపోతుంది. మీటరును నమ్మి లైటు మార్చేస్తారు, కొత్త లైటూ వెలగదు.

ఇక్కడ మీటరు కంటే 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపే పెద్దమనిషి. అది ఒకటిన్నర ఆంపియర్ పైనే లాగుతుంది. ఒక కొస లైటు ప్లస్‌కు, ఇంకో కొస నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. నిండుగా వెలిగితే ప్లస్ దారి బాగుంది. బ్యాటరీ మైనస్ మీదున్న కొసను తీసుకెళ్లి లైటు ఎర్త్ వైరుకు పెట్టండి. మసకబారితే దోషం ఎర్త్‌దే. బోల్టు విప్పి, రంగు గీకి ఇనుము తెల్లగా కనబడేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి పైన గ్రీజు పూయండి. రెండు లైట్ల ఎర్త్‌లనూ ఒకే వైరుగా తెచ్చి బ్యాటరీ మైనస్‌కు కలిపితే మడి దున్నే బండ్లకు ఇంకా మంచిది.

రిలే టిక్‌మని, దీపం వెలిగి, లైటు రాకపోతే 30 పిన్ను ఫ్యూజు చూడండి. టిక్‌మనకపోతే 85 ఎర్త్ చూడండి. ఒక స్విచ్ వేస్తే రెండు స్విచ్‌ల దీపాలూ సగం సగం వెలుగుతున్నాయంటే వాటి ఉమ్మడి ఎర్త్ వైరు తెగింది. బల్బు దీపాల స్విచ్‌లలో కరెంటు పక్క స్విచ్ దీపం గుండా దారి వెతుక్కుంటోంది.

దీపం మొదట్లో బాగా వెలిగి రెండు మూడు నెలల్లో చచ్చిపోతే, అదీ రిలే ఉన్నచోట జరిగితే, స్విచ్‌ను తిట్టకండి. రిలే ఆపిన ప్రతిసారీ కాయిల్ ఎదురు వోల్టేజీని కొడుతుంది, అది దీపం మీదే పడుతుంది. 85, 86 మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒక దిక్కుకే వదిలే చిన్న సామాను) వేసి, దాని తెల్లగీత 86 వైపు, అంటే ప్లస్ వైపు ఉంచితే ఆ దెబ్బ అక్కడే ఆగుతుంది. గీత తిరగబడితే స్విచ్ వేయగానే షార్ట్. డయోడ్ లోపలే ఉన్న రిలేలూ దొరుకుతాయి. వాటిలో 86కు ప్లస్, 85కు ఎర్త్ కచ్చితంగా పాటించాలి.

స్విచ్ వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడిందంటే థింబుల్ వదులుగా ఉన్నట్టే. పిన్నులు 4.8, 6.3 ఎంఎం అని రెండు వెడల్పుల్లో వస్తాయి. చిన్న పిన్నుకు పెద్ద థింబుల్ తొడిగి ప్లయర్‌తో నొక్కడం పనికిరాదు. పిన్నుకు నేరుగా టంకం పెట్టినా ప్లాస్టిక్ కరిగి పిన్ను లోపలికి జరుగుతుంది, స్విచ్ సగం ప్రాణంతో పనిచేస్తుంది.

ఏ బండికి ఏది

క్యాబిన్ లేని ట్రాక్టర్‌కు, వరికోత మిషన్‌కు రబ్బరు తొడుగున్న మూడు పిన్నుల రాకర్, రిలే. ఇంకేమీ వద్దు. మే ఎండలో పాలమూరు చెలకల్లో ఉంగరం దీపం పగలు కనబడనే కనబడదు, దుమ్ముకు బటన్ బిగుసుకుంటుంది. లారీకి 24 వోల్టుల మూడు పిన్నులదే, దీపం ఎల్‌ఈడీ అయితే చాలు. కారుకు, మన్ననూరు దాటి నల్లమల ఘాట్‌లో తిరిగే జీపుకు ఐదు పిన్నుల రాకర్ గానీ, గూటిలో ఒదిగే కంపెనీ రకం గానీ. బైక్‌కు హ్యాండిల్‌కు బిగించే నీళ్లు చొరని స్విచ్ వేసి, ఇగ్నిషన్ సప్లై ఇవ్వండి. బైక్‌లు కొన్నిటిలో హెడ్‌లైట్‌కు మాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి ఏసీ కరెంటు వస్తుంది; ఆ వైరు నుంచి తీస్తే దీపం మిణుకుమంటుంది, ఎల్‌ఈడీ లైటూ పాడవుతుంది. బ్యాటరీ వైపు నుంచే తీయాలి. బానెట్ మీదనో టాప్ మీదనో ఎల్‌ఈడీ బార్ పొలానికే. తారురోడ్డు ఎక్కాక అది ఎదుటివాడి కళ్లు మూయిస్తుంది కాబట్టి దానికి వేరే స్విచ్, వేరే దీపం ఉండాలి, ఫాగ్ లైట్లతో కలపొద్దు.

బిగించడం అయ్యాక, తాళం తీసి, స్విచ్‌లన్నీ ఆపి, కొత్త సర్క్యూట్ ఫ్యూజు పీకి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి ఫ్యూజు రెండు కాళ్ల చోట పెట్టండి. సున్నా రావాలి. 0.01, 0.02 కనబడితే దీపం తప్పు వైపున ఉంది, సప్లై, లోడ్ వైర్లు మార్చండి. 0.15 కనబడితే ఏదో రిలే కాయిల్ ఇంకా పట్టుకునే ఉంది.